రాళ్ళ దారిలో బుల్లెమ్మ

ఆదివారం పొద్దున బుల్లెమ్మ ఎవరూ లేపకుండానే లేచి, తనే జడ వేసుకుని, గుమ్మంలో కాపలా నిలబడింది.

"ఈసారి కూడా కొట్టూ పనీ అన్నావో, ఊరుకోను నాన్నా!"

నాన్న దర్జీ. బడి యూనిఫారాలు కుట్టే కాలంలో తలెత్తే తీరిక ఉండదు. సముద్రపు ఒడ్డున కొండరాళ్ళ మీదుగా దీపస్తంభం దాకా నడిపిస్తానని కూతురికి మాటిచ్చి ఏడాది దాటింది. నాలుగుసార్లు వాయిదా వేశాడు.

బస్సు దిగి నడక మొదలుపెట్టిన అరగంటకే పిల్ల వెనకబడింది. దారి కాసేపు పైకెక్కి, అంతలోనే నీళ్ళ అంచుదాకా దిగుతోంది. అడుగడుక్కీ పదునైన రాళ్ళు.

"కాస్త ఆగు నాన్నా."

"అప్పుడేనా? రోజంతా ఫోన్ పట్టుకుని కూర్చుంటే కాళ్ళు ఇలాగే మొరాయిస్తాయి."

వెనక నుంచి వచ్చిన ఓ కుటుంబం వాళ్ళను దాటిపోయింది. అందులో ఆరేళ్ళ పాప గెంతుకుంటూ పోతుంటే నాన్నకు తల కొట్టేసినట్టయింది. నిటారు దిగుడు దగ్గర బుల్లెమ్మ పెదవి కొరుక్కుంటూ రాయి పట్టుకుని నిలబడిపోయింది.

"నాటకాలు చాలించి రా!" అని కసిరాడు.

ఆ తర్వాత దీపస్తంభం చేరేదాకా పిల్ల ఎక్కడా ఆగలేదు.

ఇంటికొచ్చాక స్నానాలగదిలోంచి భార్య పెట్టిన కేకకు ఉలిక్కిపడి పరుగెత్తాడు. బుల్లెమ్మ పీట మీద కూర్చుని ఉంది. మేజోళ్ళ కొసలు రక్తంతో తడిసి వేళ్ళకు అతుక్కుపోయాయి. ఒకటి సగం ఊడదీస్తే బొటనవేలి గోరు నల్లగా కనబడింది.

"బూట్లు రెండు సైజులు చిన్నవైపోయాయండీ! ఊళ్ళో పిల్లలందరి కొలతలూ తీస్తారే, మన పిల్ల ఎదిగిందని తెలీలేదా?" అంది. అంతలోనే ఆమె గొంతు తగ్గిపోయింది. "నేను మాత్రం చూశానా?"

నాన్న నేలమీద కూలబడ్డాడు. "ఎందుకు చెప్పలేదే తల్లీ?"

"పొద్దున చెబితే ఇంకో వారం వెళ్దాంలే అంటావుగా. దారిలో చెబితే వెనక్కి తిప్పేస్తావని..." పిల్ల తల వంచుకుంది. "నేను నాటకాలు ఆడలేదు నాన్నా."

గోరువెచ్చని నీళ్ళు కొద్దికొద్దిగా పోసి, మేజోళ్ళు నానబెట్టి, ఒక్కో వేలూ విడదీస్తూ తీశాడు. "తప్పు నాదేనమ్మా," అనేసరికి కన్నీళ్ళు ఆగలేదు.

బుల్లెమ్మ కంగారుపడి అతని భుజం తట్టింది. "ఏడవకు నాన్నా. దీపస్తంభం కింద నీళ్ళలో తాబేలు తల పైకెత్తింది, చూశావుగా?"

ఊఁ అనేస్తే సరిపోయేది. అనలేకపోయాడు.

"చూడలేదు తల్లీ. నేను తిరుగు బస్సు టైమే చూసుకుంటూ కూర్చున్నాను." కళ్ళు తుడుచుకుని ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఎలా ఉందో నువ్వు చెప్పు."

"ముందు పచ్చగా ఓ రాయి అనుకున్నాను నాన్నా..." అంటూ బుల్లెమ్మ నింపాదిగా మొదలుపెట్టింది. అతను కదలకుండా విన్నాడు.