టీవీ మీది తెల్లపొడి

శుక్రవారం ఉదయం ఏడింటికి ఇన్‌స్పెక్టర్ యుగంధర్ ఫోన్ మోగింది.

"సార్, బాబును మళ్ల ఐసీయూల పెట్టినం!" సుకన్య ఏడుస్తోంది. "రాత్రంతా ఊపిరి అందలే."

యుగంధర్ మంచం మీద లేచి కూర్చున్నాడు. కేసు తేల్చేశానని మొన్న సోమవారమే మీసం మెలేశాడు.

బన్సీలాల్‌పేట్‌లో సుకన్య వాళ్లది మొదటి అంతస్తు. కింద లాల్ దుకాణం. దూది ఏకి పరుపులు కుడతాడు. ఏడు నెలల బాబుకు ఊపిరాడక ఆస్పత్రిలో చేర్చినప్పుడు సుకన్య లాల్ మీదే కంప్లైంట్ ఇచ్చింది. యుగంధర్ వచ్చి చూశాడు. బాబు గదిలో నల్లటి టీవీ నిండా తెల్లపొడి. కింద దూది. ఇంకేం కావాలి? దుకాణానికి సీల్ వేయించి, గల్లీ అంతా చూస్తుండగా లాల్‌ను జీపెక్కించాడు. మర్నాడు వదిలిపెట్టాడు కానీ సీల్ అలాగే ఉంది.

బాబు కోలుకుని గురువారం ఇంటికొచ్చాడు. ఒక్క రాత్రికే మళ్లీ ఆస్పత్రి.

దూది మిషన్ ఆగి నాలుగు రోజులైంది. మరి బాబు ఊపిరి తీస్తున్నదెవరు?

పదింటికల్లా యుగంధర్ ఆ గదిలో ఉన్నాడు. పక్కన ల్యాబ్ ఆఫీసర్ షీబా, ఆమె చేతిలో టిఫిన్ డబ్బా అంత పరికరం. అతను పిలిపిస్తే లాల్, అతని భార్య ఖాసింబీ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. బాబు దగ్గర భర్తను ఉంచి వచ్చిన సుకన్య వాళ్ల వైపు చూడలేదు.

టీవీ మీద మళ్లీ తెల్లపొడి.

"ఎప్పుడు తుడిచినవమ్మా?" అని సుకన్యను అడిగాడు యుగంధర్.

"నిన్ననే సార్. బాబొస్తుండని."

"కిటికీలు?"

"మూసే ఉన్నయి. ఏసీ వేసినం."

"అగర్‌బత్తి? దోమల కాయిల్?"

"బాబున్న గదిల ఎట్ల పెడ్తం సార్?"

"రాత్రి ఇంకేం ఆన్‌లో ఉంది?"

"హ్యుమిడిఫయర్, గాలికి తడి పట్టే మిషన్. ఏసీకి బాబు ముక్కు ఎండుతదని ఆన్‌లైన్‌ల తెప్పించిన. బాబు లేనన్ని రోజులు బంద్ పెట్టిన."

షీబా పరికరం ఆన్ చేసింది. "కంటికి ఏ పొడైనా తెల్లగనే ఉంటది సార్. రేణువుల సైజు చూస్తే ఎక్కడిదో తెలుస్తది. సన్నవి ఎడమ పక్క, లావువి కుడి పక్క."

షీబా అడిగితే ఖాసింబీ ఇంటి నుంచి పిడికెడు దూది తెచ్చి గదిలో విదిల్చింది. పరికరం తెర మీద కుడివైపు గీతలు లేచాయి. పది మైక్రాన్లు, ఆపైన. ఎడమవైపు కదల్లేదు. కాసేపటికి లేచినవీ దిగిపోయాయి.

"దూది రజను బరువు. కింద పడ్తది," అంది షీబా.

"ఇప్పుడు రాత్రి పెట్టినట్టే అది పెట్టమ్మా," అన్నాడు యుగంధర్.

సుకన్య హ్యుమిడిఫయర్ ఆన్ చేసింది. తెల్లటి పొగమంచు లేచింది. పది నిమిషాల్లో ఎడమవైపు గీతలు తెర అంచును తాకాయి. అన్నీ ఒక మైక్రాన్ లోపువే.

"ఇవి ఊపిరితిత్తుల అడుగు దాకా పోతయి," అంది షీబా మెల్లగా.

"ఇందులో ఏ నీళ్లు పోస్తవమ్మా?"

"బోరు నీళ్లు. ఫిల్టర్ నీళ్లు పోయమని రాసుంది గని, తాగే నీళ్లు దండగెందుకని..." సుకన్య ఆ తెర వైపు చూసింది.

"ఇది నీళ్లను మరగబెట్టదు," అంది షీబా. " తుంపరలు చేసి చిమ్ముతది. నీళ్లు ఆరిపోతయి, అందులోని సున్నం గాలిలో మిగుల్తది. మన బకెట్ల అంచున తెల్లగ గట్టేదే."

షీబా గది గాలి మార్చి, ఫిల్టర్ నీళ్లు పోసి మళ్లీ చూసింది. గీతలు లేవనే లేదు.

సుకన్య దాని వైరు పీకేసింది. "నా చేతుల్తోనే పెట్టిన్నా సార్? పాపం, ఆ మనిషి మీద నింద వేసిన."

యుగంధర్ టీవీ మీద వేలితో గీసి చూశాడు. దూది పోగు ఒక్కటీ లేదు, పిండిపిండిగా ఉంది. సోమవారం ఈ ఒక్క పని చేసి ఉంటే చాలు. ముట్టుకోకుండానే దూది అనేశాడు. కింద దూదేకులాయన ఉన్నాడు కాబట్టి. అతనికి తల కొట్టేసినట్టయింది.

"లాల్ భాయ్, సీల్ ఇప్పుడే తీసేస్తా, రండి," అన్నాడు. సోమవారం 'నడువ్‌రా' అన్నది ఈ నోరే.

కింద గల్లీలో ఎవరూ లేరు. అదే నయమనుకున్నాడు యుగంధర్. అలా అనుకున్నందుకు ఇంకా సిగ్గేసింది.

"ఇప్పుడొద్దు సార్," అన్నాడు లాల్. "సాయంత్రం ఆరింటికి తీసుకపోయిండ్రు నన్ను. అందరు చూసిండ్రు. తీసేది సుత ఆరింటికే తీయుండ్రి. జీపేసుకోని రండ్రి."

ఆరింటికి జీపొచ్చింది. బాబు కోలుకుంటున్నాడని అప్పుడే కబురొచ్చింది. గల్లీ అంతా మూగింది. యుగంధర్ సీల్ తీసి, నేల చూపులు చూస్తూ గొణిగాడు. "లాల్ తప్పేం లేదు. తప్పు నాది."

"జెర గట్టిగ చెప్పుండ్రి సార్," అన్నాడు లాల్. "వెనకోళ్లకు వినపడ్తలేదు."

సుకన్య మెట్లు దిగి వచ్చి యుగంధర్ పక్కన నిలబడింది. ఇద్దరూ తలెత్తి మొదటినుంచి చెప్పారు.