కుండీలకు కాళ్లొచ్చిన డాబా

"మళ్లీ జరిగాయా కుండీలు?"

టేపు పట్టుకుని డాబా మీదికొచ్చిన సోలార్ ఇంజనీరు మెట్ల దగ్గరే ఆగిపోయాడు. క్రితంసారి గోడవార ఉన్న గులాబీ కుండీలు ఇప్పుడు సరిగ్గా ప్యానెళ్లు పెట్టాల్సిన చోట బారులు తీరి ఉన్నాయి.

"మొక్కలకి ఎండ కావాలి కదండీ," అంది ఆ ఇంటి అమ్మాయి ఏమీ ఎరగనట్టు. కింద గదిలో కుట్టుమిషన్లు, ఇస్త్రీ పెట్టెలు పెట్టుకుని టైలరింగ్ షాపు నడుపుతోంది. లాభమంతా కరెంటు బిల్లే మింగేస్తోందని అతణ్ణి పిలిపించింది ఆమే.

"ప్యానెళ్లకీ ఎండే కావాలండీ."

"అయితే మళ్లీ కొలవాలేమో!"

కుండీలు ఎత్తి పక్కన పెడితే సరిపోతుందని అతనికి తెలియదా? తెలుసు. అయినా బుద్ధిగా టేపు పరిచాడు. రెండో కొస ఆమె పట్టుకుంది. కొలతలు తేలితే సర్కారు సబ్సిడీకి దరఖాస్తు పంపాలి, పంపితే ప్యానెళ్లు బిగించాలి, బిగిస్తే ఇక ఈ డాబా మీద అతనికి పనుండదు. అందుకే ఆ కొలతలు ఓ పట్టాన తేలేవి కావు.

చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ నీళ్ల ట్యాంకు కిందికి దూరారు.

"వానకి కొలతలు మారవు కదా?" ఆమె కళ్లు నవ్వుతున్నాయి.

"చెప్పలేం. రేపొచ్చి చూస్తాను."

మర్నాడు వచ్చాడు కానీ, మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. హాల్లో ఆమె తండ్రి, రిటైరైన లెక్కల మాస్టారు, పేపరు మడిచారు.

"సబ్సిడీ తగ్గించారట కదా, బాబూ?"

"అవునండీ. నిన్నటిదాకా ఖర్చులో నూటికి నలభై ఇచ్చేవారు. ఇవాళ్టి నుంచి ఇరవయ్యే."

"మన దరఖాస్తు వెళ్లిందా?"

"లేదండీ."

"అంటే, నాలుగేళ్లలో తిరిగి రావాల్సిన పెట్టుబడికి ఇప్పుడు ఐదేళ్లు దాటుతుంది. నెల్లాళ్లుగా కొలుస్తున్నావు. మా డాబా ఏమైనా రోజూ పెరుగుతోందా?"

అతను తల వంచుకున్నాడు. "తప్పు నాదేనండీ. పని అయిపోతే మీ అమ్మాయిని చూడలేనని సాగదీశాను. ఆమె అంటే నాకు ప్రాణం. ఆ నష్టం నా జీతంలోంచి కడతాను."

"ఏం అక్కర్లేదు!" లోపలి గదిలోంచి ఆమె దూసుకొచ్చింది. "కుండీలు జరిపింది నేను, నాన్నా! నడుం పట్టేసింది కూడా."

అతను ఉలిక్కిపడ్డాడు. "కావాలనే జరిపారా?"

"మరి? గులాబీలకి కాళ్లొచ్చాయనుకున్నారా?"

మాస్టారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "బాగుంది వరస! ఇప్పుడీ నష్టం పూడేదెలా?"

"ప్యానెళ్ల మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుందండీ. వారం వారం నేనే వచ్చి తుడుస్తాను, పెట్టుబడి తిరిగొచ్చేదాకా."

"ఆ తర్వాత?"

"ప్యానెళ్లు పాతికేళ్లు పనిచేస్తాయండీ," అన్నాడతను నెమ్మదిగా.

మాస్టారు నవ్వు ఆపుకోలేకపోయారు. "పాతికేళ్లు బయటినుంచి రావడం దేనికి? మీ అమ్మానాన్నల్ని తీసుకురా, మాట్లాడతాను. ముందు వెళ్లి ఆ కొలతలు తేల్చు. ఆ ఇరవై కూడా పోగలదు!"

ఇద్దరూ డాబా మీదికి పరుగు తీశారు. మొదటి కుండీ ఎత్తబోయి అతను ఆగాడు.

"అమ్మో, ఇంత బరువా! ఇవన్నీ ఒక్కరే, ప్రతిసారీ జరిపారా?"

"ఇప్పటికి తెలిసిందా?" అంటూ ఆమె రెండో వైపు పట్టుకుంది.