అడవిదున్నను కొట్టిన బాణం

కుర్చీ చూపించినా లోవరాజు కూర్చోలేదు. గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నా మీద దొంగతనం కట్టారండి. రేపు పోలీసులకి అప్పజెప్తారంట" అన్నాడు.

రాజమండ్రిలో ప్రైవేటు డిటెక్టివ్ అంటే పెళ్ళికొడుకుల గుట్టు లాగే మనిషని జనం లెక్క. ప్రసన్నకుమారికి వచ్చేవీ ఎక్కువగా అవే కేసులు. వాటిమీద ఆవిడకి ఒళ్ళుమంట. అందుకే లోవరాజు మాట వినగానే చేతిలో ఉన్న పెళ్ళిసంబంధం ఫైలు మూసేసింది. ఆవిడ ఫైలు మూసిందంటే కేసు దొరికినట్టేనని అసిస్టెంటు శాంతికుమార్ నమ్మకం. ఆవిడ తుమ్మినా అందులో తెలివి కనిపించే రకం అతను.

లోవరాజు ఏడాదిగా చంద్రరావు అనే ఆసామి దగ్గర కారు డ్రైవరు. లొల్ల లాకులు దాటాక కాలవ గట్టున ఉంటుంది ఆయన ఇల్లు. భార్య పోయాక, 2002లో, ఆయన దక్షిణాఫ్రికా సఫారీకి వెళ్ళి విల్లుతో అడవిదున్నను కొట్టి వచ్చాడు. దాని తల హాల్లో గోడమీద ఉంది. కొట్టిన బాణం అద్దాల పెట్టెలో ఉండేది. సాయంత్రమైతే ఊళ్ళోవాళ్ళు కాఫీకీ, ఆ కథకీ చేరతారు. మొన్న పొద్దున్న చూస్తే పెట్టెలో బాణం లేదు. తాళం వేసినట్టే ఉంది. ఒక తాళంచెవి చంద్రరావు మొలతాడుకి, రెండోది కారు తాళాల కొక్కేనికి ఉంటాయి. ఆయన బావమరిది గణేష్‌బాబు నేరుగా డ్రైవరు మీద వేలు పెట్టాడు.

"చంద్రరావుగారేమన్నారు?"

"ఏమీ అన్లేదండి. నా మొహం చూట్టం మానేశారు."

గంట తిరిగేసరికి ముగ్గురూ ఆ ఇంట్లో ఉన్నారు. చంద్రరావు భారీ మనిషి. ఇంటికి ఎవరో వచ్చారన్న సంతోషంలో ఎందుకొచ్చారో అడగడం మరిచిపోయి పూతరేకులు తెప్పించాడు. తర్వాత కథ మొదలుపెట్టాడు. నిలువెత్తు గడ్డి, ఎదురుగాలి, తుపాకీ పట్టుకుని వెనకే నిలబడ్డ గైడు, ముందుకాలి వెనక ఊపిరితిత్తుల్లోకి దిగిన బాణం. శాంతికుమార్ పూతరేకు చేతిలోనే పెట్టుకుని వింటూ ఉండిపోయాడు.

ప్రసన్నకుమారి మాత్రం గోడమీద ఫోటోలు చూస్తోంది. ఒకదాంట్లో కుర్రవాడైన చంద్రరావు పందెం బరిలో గొంతుకూర్చుని పుంజు కాలికి కత్తి కడుతున్నాడు. నా పుంజుకి ఇంకోడి చేత కత్తి కట్టనిచ్చేవాణ్ణి కాదని ఆయన గర్వంగా చెప్పాడు. ఇంకో ఫోటో దున్న తల తగిలించిన రోజుది. కింద 2002 అని తేదీ, చుట్టూ జనం, అద్దాల పెట్టెలో బాణం. మొన కింద ఎర్రదారం చుట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

ఆవిడ స్టూలెక్కి దున్న చెవి వెనక వేళ్ళతో తడిమింది. ఇంతలో గణేష్‌బాబు వచ్చి, ఆఫ్రికాలో విల్లుతో వేటాడిన హైదరాబాదు స్నేహితుణ్ణి ఆదివారం భోజనానికి పిలిచాననీ, ఇప్పుడు అతనికి ఏం చూపించాలనీ వాపోయాడు. ప్రసన్నకుమారి వరండాలోకి వెళ్ళి, విలువిద్య నేర్పే మాస్టారొకరికి ఫోన్ చేసి వచ్చింది. ఆవిడ ముఖంలో గెలుపేమీ లేదు. సాయంత్రం అందరినీ ఉండమంది.

సాయంత్రం హాలు నిండింది. లోవరాజు గుమ్మం బయటే ఉండిపోయాడు.

"ఈ కాలపు వేట బాణాలకి మొనని మరతో బిగిస్తారు, దారంతో కట్టరు" అంటూ మొదలుపెట్టింది ఆవిడ. "ఫోటోలో దారం చుట్లు చూడండి. ఈ కట్టు మన కోళ్ళ బరిలోది. మొన కూడా కోడికత్తే. ఆ బాణం తయారైంది ఈ ఊళ్ళోనే."

గణేష్‌బాబు లేచాడు. "మరింకేంటండీ, లోవరాజు బరుల్లో కత్తులు కట్టినవాడే. అసలుది అమ్మేసి నకిలీది పెట్టుంటాడు."

"ఫోటో 2002ది. లోవరాజు ఇక్కడ చేరింది నిరుడు. పైగా నకిలీదైతే దాన్ని మళ్ళీ దొంగిలించడం దేనికండీ? బాణాల సంగతి తెలిసినవాడి కంట పడకూడదని, మీ స్నేహితుడు రాకముందే, దాన్ని కట్టినవారే దాచేశారు. దున్న చెవి వెనక గుండ్రంగా కుట్టిన చిల్లుంది. బాణంతో వేటాడేవాళ్ళు తలకి గురిపెట్టరు. అది తుపాకీ దెబ్బ." ఆవిడ చంద్రరావు వైపు తిరిగింది. ఆ పెద్దాయన మీద ఆవిడకి కోపం, జాలి ఒక్కసారే కలిగాయి. "మిగతాది మీరు చెప్తే బాగుంటుందండి."

చంద్రరావు మంచం పరుపు కింద నుంచి బాణం తెచ్చి బల్లమీద పెట్టాడు.

"విల్లు ఎత్తాను. అది నావైపు చూసింది. వదల్లేకపోయాను. మీదకొస్తుంటే గైడు పక్కకి జరిగి కాల్చేశాడు. వచ్చేటప్పుడు మొన తీసేసిన బాణం గుర్తుగా ఇచ్చారు. కోడికత్తి నేనే కట్టాను" అన్నాడు. "మా ఆవిడ పోయాక ఈ హాల్లోకి పిలిస్తే కూడా ఎవరూ వచ్చేవారు కాదండి. ఆ తల తగిలించాకే వచ్చారు."

ఒకరికి పొలంలో పని గుర్తొచ్చింది, ఇంకొకరికి బస్సు. గణేష్‌బాబు చెప్పులేసుకుని గేటు దాటాడు. చూస్తుండగానే హాలు ఖాళీ అయింది.

లోవరాజు లోపలికొచ్చి కారు తాళాలు బాణం పక్కన పెట్టాడు.

"బాణం పోతే పోయిందండి. నన్ను దొంగంటుంటే వింటూ కూర్చున్నారు" అన్నాడు.

చంద్రరావు తప్పయిపోయిందన్నాడు, ఉండమని బతిమాలాడు. లోవరాజు నమస్కారం పెట్టి కాలవ గట్టు పట్టుకుని వెళ్ళిపోయాడు. అతని పరువు అతనికి దక్కినందుకు శాంతికుమార్‌కి సంతోషంగా ఉంది. కానీ ఎందుకో చప్పట్లు కొట్టాలనిపించలేదు.

ప్రసన్నకుమారి సంచీ తీసుకుంది.

"కాసేపు కూర్చుంటారా అమ్మా? నిజంగా జరిగింది మొదట్నుంచీ చెప్తాను" అన్నాడు చంద్రరావు.

ఆవిడ సంచీ కింద పెట్టి కూర్చుంది. ఆయన కాఫీ తెప్పించి, గొంతు సవరించుకుని విమానం దిగిన దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. కాఫీ చల్లారకముందే కథ అయిపోయింది. ఆయన పూతరేకుల పళ్ళెం ఆవిడ ముందుకి జరిపాడు.