తొమ్మిదో స్విచ్

"ఇవి మీవేనా?"

టైపింగ్ తప్పులు చూసే చెకింగ్ అమ్మాయి తలెత్తి చూసింది. ఎదురుగా కంప్యూటర్లు చూసుకునే సిస్టమ్స్ అతను నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో చెత్తబుట్ట, ఇంకో చేతిలో రెండు బ్యాటరీలు. వాటికి ఎవరో తిని పడేసిన అరటితొక్క అంటుకుని ఉంది.

"చెత్తబుట్టలో పడ్డాక ఎవరివైతే ఏముందండీ?" అంది.

"ఇవి పారేసే రకం కాదండీ. చార్జ్ చేసి మళ్ళీ మళ్ళీ వాడుకునేవి. సోమవారం ప్రతి సీటుకీ వచ్చి చెప్పాను కదా, అయిపోతే నాకివ్వండి అని? మీరు ఊఁ అన్నారు కూడా."

"అన్నాను. పనిలో ఉన్నాను, మీరు త్వరగా వెళ్ళిపోతారని అన్నాను."

పక్క సీటు అక్క కీబోర్డు మీద తల వాల్చేసి నవ్వింది. అతను మాత్రం నవ్వలేదు. రెండు బ్యాటరీలనీ జేబురుమాలుతో తుడిచాడు. వాటికి అంటించిన చిన్న కాగితం మీద ఆమె సీటు నంబరు పదకొండు అని రాసి ఉంది. అంత చిన్న కాగితం మీద అంత పొందిగ్గా ఎవరు రాస్తారు?

ఆమెకి కాస్త సిగ్గేసింది. "సారీ అండీ. ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాను," అంది.

జాగ్రత్త అన్న మాట ఆమెకి కొత్త కాదు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంట్లో వింటున్నది ఆ ఒక్క మాటే.

పాత దస్తావేజులు చూసి కంప్యూటర్లోకి ఎక్కించే ఆఫీసు అది. ఇరవై రెండు సీట్లు. అందరివీ వైర్లు లేని కీబోర్డులు, వైర్లు లేని మౌసులు. ఒకసారి మేనేజరు గారు వైరు కాలికి తగిలి, చేతిలో టీతో సహా బోర్లా పడ్డారు. మర్నాటికల్లా ఆఫీసులో వైరన్నది కనపడకుండా చేశారు. వైర్లు పోయాయి గానీ వాటి బదులు బ్యాటరీలు వచ్చాయి. వారం తిరిగేసరికి చెత్తబుట్టల నిండా అవే.

అది చూడలేకపోయాడు సిస్టమ్స్ అతను. చేరి మూడు నెలలే, ఇంకా టెంపరరీ. రీచార్జబుల్ బ్యాటరీలు, ఎనిమిదేసి గళ్ళున్న చార్జర్లు రెండు తెప్పిస్తే ఈ పారేయడం తప్పుతుందని రాసిచ్చాడు.

మేనేజరు గారు కళ్ళజోడు మీదుగా చూసి, "నెల రోజులు నడిపి చూపించు. నడిస్తే ఉద్యోగం ఖాయం చేసి సర్వర్ గది నీకే అప్పజెప్తాను. నడవకపోతే నీ దారి నువ్వు చూసుకోవాలి మరి," అన్నారు.

రోజూ సాయంత్రం అతను నాలుగు సీట్ల బ్యాటరీలు తీసి, సిస్టమ్స్ గదిలో చార్జర్లకి పెట్టి, ఐదున్నరకి వెళ్ళిపోయేవాడు. ఇంకో బ్రాంచిలో కూడా పనుండేది. పొద్దున తొమ్మిదింటికి వచ్చి, నిండిన వాటిని ఎవరివి వాళ్ళకి పెట్టేవాడు. ఏ జత బ్యాటరీలు ఆ జతే. కలిపేయకూడదట.

"ఎందుకు కలపకూడదు?" ఒకరోజు టీ దగ్గర ఆమె అడిగింది.

"ఒకటి నిండుగా, ఒకటి సగంగా ఉంటే సగంగా ఉన్నదాని మీద భారం పడుతుందండీ. రెండూ పాడవుతాయి."

"అబ్బో, మా ఆయనకి చెప్పాలి ఈ సంగతి!" అంది పక్క సీటు అక్క.

ఈసారి అతను నవ్వాడు. నవ్వితే ఎడం కన్ను కాస్త ఎక్కువ మూసుకుంటుంది. ఆ సంగతి తను ఎందుకు గమనించిందా అని ఆమె టీ కప్పులోకి చూసుకుంది.

"అవునూ... రాత్రంతా అలా కరెంటుకి వదిలేస్తే పేలవా?"

"పేలవండీ. నిండగానే వాటంతటవే ఆగిపోతాయి. ఎర్ర లైటు పోయి గ్రీన్ వస్తుంది."

"ఆగకపోతే?"

"ఆగుతాయి."

"ఆగలేదనుకోండి."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. అడుగుతున్నది వేళాకోళానికి కాదని అర్థమైనట్టుంది. కప్పు పక్కన పెట్టి, ఆమెని గది తలుపు దాకా తీసుకెళ్ళి చూపించాడు. ఇనప బల్ల, చుట్టూ కాగితం ముక్క లేదు, పైన పొగని పసిగట్టే గంట. ఆమె అన్నీ చూసి తల ఊపింది. కానీ మనసు ఒప్పుకోలేదు.

ఆమెకి ఏడేళ్ళప్పుడు వాళ్ళుండే మేడలో కింద వాటాలో వైర్లు కాలాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మెట్ల నిండా పొగ. తల్లి ఆమె ముఖానికి తడిగుడ్డ చుట్టి, చంకనేసుకుని మూడంతస్తులు దిగింది. ఆ రోజు నుంచీ ఆ తల్లికి ఏ కరెంటు సామాను చూసినా పొగే కనపడుతుంది. కూతురు బస్సెక్కితే బస్సు బోల్తా పడినట్టూ, తుమ్మితే ఆస్పత్రిలో ఉన్నట్టూ. తండ్రి లేని పిల్ల, ఇంకెవరి గురించి భయపడుతుంది?

రోజూ సాయంత్రం ఫోన్. "బయల్దేరావా? అన్నీ ఆపావా? వాన పట్టేలా ఉంది, చెట్ల కింద నిలబడకు."

"అమ్మా, బస్టాపే చెట్టు కింద ఉంది."

"అయితే బస్సు వచ్చేదాకా ఆఫీసులోనే ఉండు."

కూతురు నవ్వేసేది. నవ్వుతూనే వెళ్ళేముందు హాల్లో తలుపు పక్క బోర్డు దగ్గర నిలబడి స్విచ్‌లన్నీ ఆపేది. టైపు చేసినవి చూడటం ఆమె పని గనక అందరికన్నా ఆఖరున వెళ్ళేది ఆమే. తొమ్మిది స్విచ్‌లు. ఏది దేనిదో ఏనాడూ చూడలేదు. చెయ్యి దానంతటదే పైనుంచి కిందకి వెళ్ళిపోయేది.

రెండో వారం నుంచి గోల మొదలైంది.

"ఏమయ్యా, నిన్ననే పెట్టావు, ఇవాళ నా మౌసు చచ్చింది!"

"నా కీబోర్డు అక్షరాలు మింగేస్తోంది!"

వారం పైన రావాల్సిన బ్యాటరీలు రెండు మూడు రోజులకే చతికిలబడుతున్నాయి. పొద్దున వచ్చి చూస్తే లైట్లు ఎర్రగానే ఉంటున్నాయి. అతను చార్జర్లు మార్చాడు. ప్లగ్గులు మార్చాడు. ఆదివారం అన్నీ ఇంటికి పట్టుకెళ్ళి పెడితే, ఒక్కటి మిగలకుండా నిండి కూర్చున్నాయి.

"ఇంటి దగ్గర తింటున్నాయి, ఆఫీసులో అలుగుతున్నాయన్నమాట," అంది పక్క సీటు అక్క. అందరూ నవ్వారు.

చెకింగ్ అమ్మాయి నవ్వలేకపోయింది. అతని కళ్ళ కింద నలుపు కనపడుతోంది. మధ్యాహ్నం తినే డబ్బా తెరిచి, తినకుండానే మూసేస్తున్నాడు. ఒకరోజు తన డబ్బా అతని ముందుకి జరిపి, "తినకపోతే నీరసం వస్తుంది. నీరసంతో మెట్లు దిగితే పడిపోతారు. పడితే ఎముక విరుగుతుంది," అంది.

"మీకు అన్నీ ఆఖరి దాకా కనపడతాయా?" అన్నాడు నవ్వుతూ. కానీ తిన్నాడు.

నాలుగో వారం బుధవారం తల్లిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని ఆమె సెలవు పెట్టింది. గురువారం పొద్దున వచ్చేసరికి ఆఫీసంతా పండగలా ఉంది.

"గ్రీన్! పదహారూ గ్రీన్!" అతను చిన్నపిల్లాడిలా చెప్పాడు.

"నువ్వు రాని రోజే నిండాయమ్మా. నీ దిష్టే తగిలేదేమో ఇన్నాళ్ళూ!" అంది అక్క.

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఆమె మాత్రం తలుపు పక్క బోర్డు వైపు చూసింది.

భోజనాల వేళ హాలు ఖాళీ అయ్యాక బోర్డు దగ్గరికి వెళ్ళింది. ఒక్కొక్క స్విచ్చే ఆపి, సిస్టమ్స్ గది అద్దం తలుపులోంచి చూసింది. ఒకటి, రెండు... ఎనిమిది. ఏమీ కాలేదు. తొమ్మిదోది ఆపింది. ఖాళీ చార్జర్ల మీద వెలుగుతున్న చిన్న లైట్లు టక్కున ఆరిపోయాయి.

ఇంకేముంది, తెలిసిపోయింది. సాయంత్రం ఆమె ఆపేస్తోంది. పొద్దున ఏడింటికి ఊడ్చే ఆవిడ వచ్చీ రాగానే స్విచ్‌లన్నీ టపటపా వేసేస్తోంది. తొమ్మిదింటికి అతను వచ్చేసరికి రెండు గంటల చార్జే.

మర్నాడు శుక్రవారమే మేనేజరు గారు తేల్చేస్తానన్న రోజు. గురువారం సాయంత్రం ఆమె ఎనిమిది స్విచ్‌లు ఆపి, తొమ్మిదో దాని మీద నుంచి చెయ్యి వెనక్కి లాక్కుంది. మెట్లు దిగింది. బస్టాపుకి నడిచింది. వాన మొదలైంది. బస్సు వచ్చింది.

ఎక్కలేదు.

కళ్ళ ముందు ఇనప బల్ల, ఎర్ర లైట్లు, మెట్ల నిండా పొగ. ఏమీ కాదని తెలుసు. తెలిసినా కాళ్ళు వినలేదు. గొడుగు కూడా తెరవకుండా ముద్దగా తడిసి వెనక్కి వచ్చింది. వాచ్‌మన్ "ఏం మర్చిపోయారమ్మా?" అంటున్నా పలక్కుండా పైకెళ్ళి, తొమ్మిదో స్విచ్ ఆపింది. ఆపి, ఆ గోడకే తల ఆనించి ఏడ్చింది. ఇన్నాళ్ళూ తెలియక చేసింది. ఇవాళ తెలిసి చేసింది.

శుక్రవారం మీటింగులో మేనేజరు గారు సూటిగా అడిగారు. "నిన్న గ్రీన్. ఇవాళ మళ్ళీ ఎర్ర లైటు. కారణం చెప్పు."

సిస్టమ్స్ అతను తల దించుకున్నాడు. "తెలియదు సార్."

"తెలియకపోతే రేపు మళ్ళీ ఆగదని ఎలా నమ్మమంటావు? పాడవడం తప్పు కాదు. ఎందుకు పాడైందో చెప్పలేనివాడికి సర్వర్ గది ఎలా ఇవ్వను?"

ఆమె ఇంకొక్క నిమిషం ఊరుకుంటే చాలు. ఎవరికీ తెలియదు. అతను వెళ్ళిపోతాడు.

"కారణం నేను సార్." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. లేచి నిలబడింది. అన్నీ చెప్పింది. తొమ్మిదో స్విచ్, నిన్నటి వాన, ఏడేళ్ళప్పటి పొగ. "ఆయన తప్పేమీ లేదు. నిన్న తెలిసి కూడా ఆపాను. భయమేసి ఆపాను."

మేనేజరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "భయమైతే చెప్పాలి కదమ్మా!"

"నవ్వుతారని సార్."

ఎవరూ నవ్వలేదు. పక్క సీటు అక్క మెల్లగా ఆమె చెయ్యి పట్టుకుంది.

మేనేజరు గారు అతని వైపు తిరిగారు. "ఇప్పుడేం చేస్తావు?"

"రెండో సెట్టు తెప్పించండి సార్. ఒక సెట్టు సీట్లలో ఉంటే ఇంకోటి పగలే చార్జవుతుంది. నా కళ్ళ ముందే. రాత్రి ఏదీ కరెంటు మీద ఉండక్కర్లేదు," అన్నాడు. తడుముకోకుండా అన్నాడు.

"ఇంత సులువైంది ముందే తోచలేదా?"

"ఇవాళ పొద్దునే తోచింది సార్."

"సరే, ఇంకో నెల. ఈసారి తప్పు జరిగితే మాత్రం వదలను, ఎవరినీ."

సాయంత్రం మెట్ల మలుపులో అతను ఆమె కోసం నిలబడి ఉన్నాడు. బయట మళ్ళీ వాన.

"తిట్టండి," అంది. "ఊరుకుంటే నాకు ఇంకా భయం."

"పొద్దున వాచ్‌మన్ చెప్పాడు, మీరు తడుస్తూ తిరిగొచ్చారని. బోర్డు చూశాను. అర్థమైంది."

ఆమె నిర్ఘాంతపోయింది. "తెలిసి కూడా తెలియదన్నారా? ఉద్యోగం పోయేది కదా!"

"అంత వానలో వెనక్కి వచ్చి ఆపారంటే అది ఎంత భయమో కదండీ. దాన్ని పదిమంది ముందు నేను బయటపెట్టడమేంటి? అది మీది. చెప్తే మీరే చెప్పాలి. చెప్పారు. నాకైతే అంత ధైర్యం ఉండేది కాదు."

ధైర్యం అన్న మాట తన గురించి వినడం ఆమెకి అదే మొదటిసారి.

"ఈ భయం నాకు పోదేమో," అంది.

"పోతే పోతుంది. పోకపోతే దానికి తగ్గట్టే సామాను సర్దుకోవచ్చు."

"ఆఫీసులో సరే. తర్వాత?"

అతను వాన వైపు చూస్తూ అన్నాడు, "తర్వాతంటే... ఇల్లు కూడా సర్దుకోవచ్చు. మీరు ఒప్పుకుంటే."

అతని చెవులు ఎర్రబడటం ఆమె చూసింది. గొడుగు తెరిచి, అతని తల కూడా వచ్చేలా పైకి ఎత్తి పట్టుకుంది.

నెల తిరిగింది. బ్యాటరీలు మొరాయించలేదు. సర్వర్ గది తాళాలు అతని నడుముకి చేరాయి. ఆ ఆదివారం అతను వాళ్ళింటికి వచ్చాడు.

తల్లి అతన్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మొదలుపెట్టింది. బండి ఎంత జోరుగా నడుపుతావు? హెల్మెట్ పెట్టుకుంటావా? ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా? మీ మేడకి ఎన్ని మెట్లు? పిట్టగోడ ఎంత ఎత్తు? అతను ఒక్కో దానికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. పిట్టగోడ ఎత్తు తెలియక, వెళ్ళి కొలిచి చెప్తానన్నాడు. కూతురు వంటింటి గుమ్మంలో నిలబడి, చున్నీ కొస నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది.

అన్నీ అయ్యాక ఆవిడ గొంతు తగ్గించింది.

"బాబూ, ఈ భయం దానికి నేనే అంటించాను. కావాలని కాదు. పక్కన ఉండి ఉండి అంటుకుంది. ఇది రోజూ ఏదో ఒకటి ఊహించుకుంటుంది. నువ్వు పది నిమిషాలు ఆలస్యమైతే పదిసార్లు ఫోన్ చేస్తుంది. ఇవాళ ముద్దుగానే ఉంటుంది. పదేళ్ళకి విసుగు రాదా?"

కూతురి నవ్వు ఆగిపోయింది.

అతను గ్లాసు కింద పెట్టి ఆలోచించాడు.

"వస్తుందండీ," అన్నాడు. "రాదని ఎలా చెప్పను? కొన్ని రోజులు విసుక్కుంటాను కూడా. కానీ ఫోన్ మాత్రం ఎత్తుతాను. విసుక్కుంటూనే ఎత్తుతాను."

తల్లి అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. ఎక్కడ ఏ ముప్పు దాక్కుని ఉందోనని వెతికే ఆ కళ్ళు, వెతికి వెతికి, అలసిపోయినట్టు మెత్తబడ్డాయి.

"విసుగు రాదని చెప్పి ఉంటే ఇంటికి పంపించేసేదాన్ని," అంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "వచ్చే ఆదివారం మీ అమ్మగారిని తీసుకురా బాబూ. నెమ్మదిగా రండి," అంది.