ఆర్కిడ్‌కు అక్కరలేని మట్టి

ఆ పొద్దున దోహా ఆకాశం దుమ్ముతో పసుపుపచ్చగా మారింది. సూర్యుడు ఉండాల్సిన చోట తోమని ఇత్తడి పళ్ళెం.

శుక్రవారం. ఎనిమిదిన్నర. ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో రామమోహన్ ఉండే మూడో అంతస్తు ఫ్లాట్.

ఫసీయుద్దీన్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. ఒకప్పుడు హైదరాబాద్ క్రైమ్ బ్రాంచ్ ఇన్‌స్పెక్టర్. ఇప్పుడు రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో సెక్యూరిటీ ఆఫీసర్.

“ఏం పోయింది, ఇంజనీర్ సాబ్?”

“మా ఆవిడ నల్లపూసలు,” అన్నాడు రామమోహన్. “దేవుడి అరలో ఉండేవి. రాత్రి చూశాను. పొద్దున లేవు.”

కమలాదేవి పోయి నెల కాలేదు. రామమోహన్ శవపేటికతో విమానమెక్కి, ఊళ్ళో దహనం చేసి వచ్చాడు.

“డౌట్ ఎవరి మీద?”

“డ్రైవర్ లింగన్న. తెల్లారకముందే కవరు పట్టుకుని ఆమె గదిలోకి వెళ్ళాడు. ఎందుకంటే చెప్పడు. రేపటి ఫ్లైట్ ఎక్కిస్తాను.”

గోడవారన నిలబడ్డ లింగన్న, కడప జిల్లా మనిషి, తల ఎత్తలేదు.

“కవర్ల ఏముండె?”

“మట్టి సార్.”

“దేనికి?”

“చెప్పకూడదు సార్. మాటిచ్చినా.”

“చెప్పకుంటే పంపిస్తరు.”

“పోతా సార్. దొంగ అన్న పేరుతో ఊర్లో ఎట్ల తిరగాల, అదే.”

గదిలోకి వెళ్ళబోతుంటే రామమోహన్ గొంతు తగ్గించాడు.

“రోజూ పొద్దున్నే స్ప్రే బాటిల్ చప్పుడు వినిపిస్తుంది. కమల లేచినట్టే. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. ఆమె ఆర్కిడ్ ఆకులు మాత్రం తడిగా ఉంటాయి.”

ఫసీయుద్దీన్ కమల గదిలోకి నడిచాడు.

కిటికీ దగ్గర రెండు కుండీలు. కొత్తదాంట్లో ఆర్కిడ్. చుట్టూ బొగ్గుముక్కలు, చెట్టుబెరడు, కొబ్బరిపీచు. కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, కోసినచోట పసుపు అద్ది ఉంది.

పాత కుండీలో మొక్క లేదు. మట్టి ఉంది.

“కుండీ ఎవరు మార్చిన్రు?”

“నేనే అంకుల్.” రామమోహన్ కూతురు చరిత. పన్నెండో తరగతి. “పాత బెరడు మెత్తబడిపోయింది. కొత్తది అమ్మే తెచ్చిపెట్టింది. మార్చేలోపే...”

“మట్టి కలపలేదా బేటా?”

“మట్టిలో పెడితే వేళ్ళకి ఊపిరాడదు అంకుల్. చచ్చిపోతాయి.”

అని, పెదవి కొరుక్కుంది.

“యల్లా, అందరు ఇట్ల రాండ్రి.”

వచ్చారు.

“మీరంతా మొక్కను చూసిన్రు. ఖాళీ అయిన కుండీని చూడలే. ఆర్కిడ్‌కు మట్టి అక్కర్లేదు. ఇంట్ల ఇంకో మొక్క లేదు. మరి లింగన్న మట్టి ఎవరికి తెచ్చిండు?”

ఫసీయుద్దీన్ పాత కుండీ మీదికి వంగాడు.

“నీళ్ళు పోయలే. సాపు చెయ్యలే. వేళ్ళ గుర్తులు అట్లనే ఉన్నయి. మూడు పిడికిళ్ళు. మా దాంట్ల దీన్ని మిట్టీ దేనా అంటరు. గోరీల పెట్టినంక పోయినోళ్ళకు ఇచ్చే మట్టి.”

లింగన్న కళ్ళు తుడుచుకున్నాడు. “మాకాడా పూడ్చేదే సార్. ‘మీరు ఆఖర్న ఏం చేస్తారన్నా’ అని పాప అడిగింది. చెప్పినా. మట్టి తెప్పించుకుని, ఎవరికీ చెప్పొద్దనింది.”

రామమోహన్ కుండీలోకి చెయ్యి పెట్టబోయాడు. “అయితే నల్లపూసలు ఇందులో...”

“తియ్యకు నాన్నా!”

చెయ్యి ఆగింది.

“అమ్మని నువ్వొక్కడివే తీసుకెళ్ళావు. బోర్డు ఎగ్జామ్ అని నన్ను పక్కింట్లో వదిలేశావు. నేను దేనికి దండం పెట్టుకోను?”

బయట దుమ్ముగాలి అద్దాన్ని రాస్తోంది.

రామమోహన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “లింగన్నా, మట్టి మిగిలిందా?”

లింగన్న వంటింట్లోంచి కవరు తెచ్చాడు. రామమోహన్ ఒక పిడికెడు తీసి, కుండీలో వదిలాడు. చేతులు దులుపుకోలేదు.

“పొద్దున్నే స్ప్రే చేసేది నువ్వేనా తల్లీ?”

చరిత తండ్రిని వింతగా చూసింది. “నువ్వనుకున్నాను.”

లింగన్న కూడా తల అడ్డంగా ఊపాడు.

మధ్యాహ్నం నలుగురూ ఒకే టేబుల్ దగ్గర కూర్చున్నారు. లింగన్నకి అక్కడ కూర్చోవడం అదే మొదలు. చరిత అన్నం, పప్పు వడ్డించింది.

కమల గదిలో స్ప్రే కొట్టినట్టు చుస్సుమని ఒక చప్పుడు.

అన్నం కలుపుతున్న చేతులు ఆగాయి. మళ్ళీ కలిపాయి.