తాడు చెప్పిన పల్టీ

"నన్ను లాగుతున్నారా, ఈడ్చుకెళ్తున్నారా?"

నీళ్ళలోంచి తల పైకెత్తి ఆమె నా మీద వేసిన మొదటి కేక అది.

ఆమె పళ్ళ డాక్టరు. నేను బోటు డ్రైవర్ని. కాళ్ళకు బోర్డు బిగించుకుని, నా బోటుకు కట్టిన తాడు పట్టుకుని, వెనక లేచే అల మీంచి ఎగిరి వెనక్కి పల్టీ కొట్టాలని ఆమె కోరిక. వేక్‌బోర్డింగ్‌లో మొదట నేర్చుకునే పల్టీల్లో అదొకటి. పేరు టాంట్రమ్, అంటే మారాం.

"మారాం చెయ్యడం మా అమ్మాయికి ఒకరు నేర్పాలా బాబూ?" అంది వాళ్ళమ్మగారు. నా కళ్ళు ముందుకే ఉండాలి కాబట్టి, ఆమె పడితే నాకు చెప్పడానికి ఆవిడ వెనక్కి తిరిగి కూర్చునేది.

వేసవంతా డాక్టరు పడుతూనే ఉంది. ముక్కు నిండా నీళ్ళు, వీపంతా ఎర్రగా వాతలు. అయినా బోటు దగ్గరకు తెచ్చేసరికి నవ్వుతూ "ఇంకోసారి!" అనేది. అంత మొండి మనిషిని నేనెక్కడా చూడలేదు. నిజం చెప్పొద్దూ, ఆ మాట వినడానికే పొద్దున్నే లేచేవాణ్ణి.

"తాడు హ్యాండిల్ నడుము దగ్గరే ఉంచండి. అల అంచుకొచ్చాక నిటారుగా నిలబడి తల వెనక్కి వెయ్యండి. తొందరపడకండి."

"మా క్లినిక్‌కి రండి, ఇన్ని మాటలు ఎలా మాట్లాడతారో చూస్తా!"

సీజన్ చివరి రోజు వచ్చింది. రేపట్నుంచి బోటు షెడ్డులోనే. ఇవాళ పల్టీ రాకపోతే ఆమెకి వచ్చే వేసవి దాకా ఆగాల్సిందే. ఇవాళ నోరు పెగలకపోతే నా గతీ అంతే.

సన్నగా తుంపర పడుతోంది. వేగం తగ్గితే ఆమె పడుతుందని నేను స్పీడు ముల్లు మీంచి కళ్ళు తిప్పలేదు.

"అమ్మా! పల్టీ వచ్చేసింది, చూశావా?" వెనకనుంచి డాక్టరు కేక.

బోటు తిప్పి దగ్గరకు తెచ్చాను. వాళ్ళమ్మగారు మెల్లగా కళ్ళు తెరిచింది. "భయమేసి మూసుకున్నానే. ప్రతిసారీ మూసుకుంటాను."

"మరి పడింది, పడింది అని చెప్పేవారు కదండీ?" అన్నాను.

"అంచనా బాబూ. ఎప్పుడూ తప్పలేదు."

డాక్టరు మొహం వాడిపోయింది. "మీరైనా చూశారా?"

"లేదండీ. కానీ తెలుసు. పడితే తాడు వదులైపోయి బోటు ముందుకు ఉరుకుతుంది. ఇవాళ వదులై, మళ్ళీ గట్టిగా లాగింది. దిగాక కొంచెం ఎడమకి తూలారు. నిలదొక్కుకున్నారు. అద్భుతంగా చేశారండీ."

"తూలానని ఎలా తెలిసింది?"

"బోటు అటు లాగింది. వేసవంతా నా చేతుల్లో ఉన్నది మీ బరువే కదా." నోరు ఎలాగూ తెరుచుకుంది, ఆగలేదు. "మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె బోటు అంచు పట్టుకుని మొహం మీది నీళ్ళు తుడుచుకుంది.

"ఇంకోసారి," అంది.

నేను కంగారుగా ఇంజన్ తాళం మీద చెయ్యి వేశాను.

"పల్టీ కాదండీ బాబూ! ఇప్పుడన్నారే, ఆ మాట."

వాళ్ళమ్మగారు మళ్ళీ కళ్ళు మూసుకుంది. "చెప్పు నాయనా. ఈసారి భయమేసి కాదులే."