పసుపు కల్లం ఫోటో

గిరాకీ ఉన్నా లేకున్నా, పొద్దున ఎనిమిదింటికల్లా మార్కండేయ స్టూడియో షట్టర్ లేవాల్సిందే. బోధన్ బజారులో చాయ్ దుకాణం వాళ్లు కూడా ఆ చప్పుడు విని టైం చూసుకుంటారు. ముందు దుకాణం, వెనుక ఇల్లు. రెండింటి నడుమ గుమ్మంలో మార్కండేయ భార్య గోదావరి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంది. చేతులు పనిలోనే ఉంటాయి గానీ చెవులు మాత్రం అటు దుకాణాన్నీ ఇటు ఇంటినీ ఏలుతుంటాయి.

ఆ రోజు షట్టర్ లేచేసరికే లోపల లొల్లి మొదలైంది.

"నా ఫోటోను బ్లాక్ అండ్ వైట్ ఎందుకు చేసినవ్ బాపు?"

అడిగింది వినీత, వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ. ఇరవై నాలుగేళ్లది. చదువు అయిపోయి మూడేళ్లుగా దుకాణంలోనే ఉంటోంది. ఆ దుకాణంలో పద్ధతి ఒకటుంది, ఫోటో తీసేది బిడ్డ, కంప్యూటర్‌లో దిద్దేది తండ్రి. ఎంత అడిగినా మౌస్ మాత్రం బిడ్డ చేతికివ్వడు మహానుభావుడు.

జనవరిలో బాల్కొండ దిక్కు ఒక పెళ్లికి పోయినప్పుడు, వినీత పొద్దుపొద్దున్నే చలికి వణుక్కుంటూ హన్మండ్లు అనే రైతు పసుపు కల్లం దగ్గర ఆగింది. ఉడకబెట్టి ఆరబోసిన పసుపు కుప్పలు, వెనుక పొయ్యి మీంచి లేచే ఆవిరి, ఆ పైన చేనంతా కప్పేసిన మంచు. తీసిన ఫోటోను హన్మండ్లుకు పంపితే మనిషి మురిసిపోయాడు. కొత్త ఇల్లు కట్టాడు, రేపే గృహప్రవేశం. ముందు గదిలో గోడకు ఇదే పెట్టాలన్నాడు. పదకొండు లోపల నిజామాబాద్ ల్యాబ్‌కు పంపితేనే సాయంత్రానికి పెద్ద సైజులో చేతికొస్తుంది.

"చలికాలం ఫోటో అంటే నలుపు తెలుపే. మంచు అందుట్లనే మంచిగ కనిపిస్తది," అన్నాడు మార్కండేయ, గల్లాపెట్టె దగ్గర్నుంచి తల తిప్పకుండా.

"పసుపు పండించెటోనికి పసుపు లేని ఫోటో ఇస్తవా? రేపు చుట్టాలందరు నవ్వరా?"

"నలభై ఏండ్లసంది ఈ పని చేస్తున్న. నాకు నేర్పకు."

"ఏడాది నుంచి ఇదే పాట. పెండ్లి ఫోటోలు బ్లాక్ అండ్ వైట్, పిల్లల ఫోటోలు బ్లాక్ అండ్ వైట్! జనం రంగులు కావాలె అంటున్నరు బాపు. గిరాకీ అంతా పక్క దుకాణానికి పోతున్నది, కనిపిస్తలేదా నీకు?"

మార్కండేయ ముఖం మాడిపోయింది. గోదావరి చెయ్యి ఆకు మీద ఆగిపోయింది.

"నిజామాబాద్‌ల పెద్ద స్టూడియోలోల్లు రమ్మంటున్నరు," అంది వినీత. "నీ కోసమే ఇన్ని దినాలు ఆగిన. ఈ ఒక్క ఫోటో నేను చెప్పినట్టు పోకపోతే నేను పోత. ఇగ మళ్ల రాను."

"పో. ఎవలాపిండ్రు?"

అంత తేలిగ్గా అనేశాడు! ఈ దుకాణం నా బిడ్డదని ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషేనా ఈయన? వినీత కళ్లు నిండాయి. ఏడుపు ఆయనకు కనబడకూడదని కంప్యూటర్ వైపు తిరిగి, రంగుల ఫోటో తానే పంపుదామని ఫైళ్లు వెతికింది. అప్పుడు దొరికింది, ఆయన నిన్న మధ్యాహ్నం దిద్ది పక్కన పెట్టిన రంగుల ఫోటో.

తెరిచి చూసి అదిరిపోయింది. పసుపు కుప్పలు పచ్చి మామిడికాయల్లా ఆకుపచ్చగా ఉన్నాయి. మంచు అంతా నీలం.

"ఇది నువ్వే చేసినవా?"

"మరెవలు చేస్తరు?"

"కావాలనే ఖరాబ్ చేసినవ్ కద! రంగులల్ల బాగలేదని చెప్పి నీదే పంపుదామని! కన్నబిడ్డ మీద అంత పగనా బాపు?"

"ఖరాబా?" మార్కండేయ లేచి వచ్చి, తెరకు జానెడు దూరంలో వంగి చూశాడు. "ఏం ఖరాబైంది? మంచు మీద పసుపు ఎక్కువుంటే తగ్గించిన, అంతే. ఇప్పుడు మంచిగనే ఉన్నది కద?"

ఆ ముఖంలో కోపం లేదు, కపటం లేదు. మనిషి నిజంగానే అడుగుతున్నాడు.

వినీత తెర మీద మంచు ఉన్న చోట వేలు పెట్టింది.

"బాపు... మంచు ఏ రంగుల ఉన్నది?"

"తెల్లగ."

"తెల్లగ లేదు బాపు. నీలంగ ఉన్నది. పసుపేమో ఆకుపచ్చగ ఉన్నది."

మార్కండేయ కుర్చీ కోసం చేత్తో తడుముకుని కూలబడ్డాడు.

"ఇగ చాలు. ఎన్ని దినాలు దాస్తవయ్యా?" చాట పక్కన పెట్టి లేచొచ్చింది గోదావరి. "ఏడాదాయె బిడ్డా, కండ్లకు పొరలొచ్చినయి, రంగులు తెలుస్తలేవు. నీకు చెప్తే సచ్చినంత ఒట్టు అన్నడు. దసరాకు గులాబి రంగు చీర తెచ్చిన అని మురుసుకుంట ఇచ్చిండు. అది నారింజది. నేనేమనలే, కట్టుకున్న."

ఏడాది! వినీతకు అన్నీ ఒక్కొక్కటిగా తట్టాయి. పాస్‌పోర్ట్ ఫోటోలో ముఖం నీలంగా ఉందని వెనక్కి తెచ్చిన గిరాకీలు. ఆ మర్నాటి నుంచే నలుపు తెలుపే అసలు ఫోటో అని ఈయన మొదలుపెట్టిన పాట. మా బాపుకు పాతకాలం పిచ్చి అని దోస్తులతో తాను నవ్విన నవ్వులు. సిగ్గుతో తల వాలిపోయింది.

"నాకెందుకు చెప్పలే బాపు?"

"చెప్తే నువ్వు ఆగిపోతవు. కండ్లు కనిపియ్యని తండ్రి కోసం ఉన్న అంటవు. జాలితోటి ఎవలు నా దుకాణంల ఉండద్దు. కోపంతోటి పోయినా మంచిదే, బాగుపడ్తవు అనుకున్న."

"దవాఖానకన్న పోవద్దా?"

"మా నాయిన ఆపరేషన్ చేయించుకుని ఒక కన్ను పోగొట్టుకున్నడు. నా కండ్లు గూడ గట్లనే పోతే? ఫోటోలు తీసెటోడు గుడ్డోడైతే ఏం తిని బతకాలె?"

వినీత తెర వైపు తిరిగి, ఆయన పంపుదామన్న ఫోటో తెరిచింది. పొద్దుటి నుంచి తిట్టుకుంటూనే ఉంది గానీ ఆ నలుపు తెలుపు ఫోటోను సరిగా చూసిందే లేదు. ఇప్పుడు చూసింది. ఆవిరి నడుమ వంగి నిలబడి ఎవరో పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తున్నారు. ముఖం మీది ముడతలు కూడా తెలుస్తున్నాయి.

"ఇది హన్మండ్లన్న వాళ్లవ్వ కద? అంజవ్వ?"

"మరి! ఫోటో తీసింది నువ్వే, నువ్వే సూడలేదా?" ఆ బాధలోనూ మార్కండేయకు రోషం వచ్చింది. "నీ కండ్లన్ని పసుపు కుప్పల మీదనే ఉన్నయి. ఆ ముసల్ది ఎన్ని ఏండ్లు ఆ పొగల నిలబడితే లేచింది ఆ ఇల్లు? కొడుకు గోడకు పెట్టుకోవాల్సింది ఆమెను గాదా?"

వినీత ఏడుస్తూనే ఇంకో కుర్చీ లాగింది. "నా పక్కకొచ్చి కూసో. ఎక్కడ ఎంత వెలుగుండాలెనో నువ్వు చెప్పు. రంగు నేను సూస్త."

రెండు గంటలకు పైగా ఇద్దరూ పోట్లాడుకుంటూనే పని చేశారు. పొగ దగ్గర ఇంకింత చీకటి చెయ్యమన్నాడు. ముసలమ్మ చెంప మీద వెలుగు పెంచమన్నాడు. పసుపు పసుపులాగే మెరిసింది, దాని నడుమ అంజవ్వ నిలబడింది. పదకొండుకు పది నిమిషాలుందనగా ఫోటో ల్యాబ్‌కు పోయింది.

"జాలితోటి ఆగుతున్నవా బిడ్డా?" మెల్లగా అడిగాడు.

"కోపంతోటి ఆగుతున్న. ఏడాది దాసినవ్ కద! రేపు దవాఖానకు పోతున్నం, మాట్లాడకు."

"భయమైతున్నది."

"నేనుంట గద బాపు."

మార్కండేయ బిడ్డ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, దగ్గరగా, చాలా దగ్గరగా చూశాడు.

"చిన్నప్పుడు ఏడుస్తే నీ ముక్కు ఎర్రగైతుండె," అన్నాడు. "ఇప్పుడైందా?"

"అయింది బాపు," అంది వినీత.